పాలరాపుగుట్ట రాబందులకు మీ శాఖ మందుల పెట్టెతోనే సంబంధం: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

రాబందుల గురించి రాసిన ఉత్తరం అటవీ శాఖకు వెళ్ళాల్సింది, పొరపాటున ఇక్కడికి వచ్చిందని మీ కార్యాలయంలో ఎవరైనా అనుకోవచ్చు. నేను తెలిసే మీకు రాస్తున్నాను. మన దేశంలో రాబందులు తుపాకులకు బలికాలేదు. అడవులు నరకడం వల్ల ఇంత పెద్ద ఎత్తున పోలేదు. పశువులకు వేసిన నొప్పి సూది వాటిని చంపింది. ఆ సూదుల్లో ఏది వెయ్యాలో, ఏది వెయ్యకూడదో పల్లె దాకా చెప్పగలిగిన యంత్రాంగం మీ శాఖకే ఉంది. రాబందులు పోయాక వాటి వెనక మనుషులు కూడా పోయారు, అదీ లక్షల్లో. అందుకే ఈ లేఖ ప్రతులు ఆరోగ్య శాఖకూ అటవీ శాఖకూ పంపుతున్నాను. మొదటి అడుగు మాత్రం మీరు వెయ్యాలని కోరుతున్నాను.

మాది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. పెంచికలపేట మండలంలో, పెద్దవాగు వెళ్ళి ప్రాణహితలో కలిసే చోట, పాలరాపుగుట్ట ఉంది. నిటారుగా నిలబడ్డ రాతి గోడ అది. ఆ రాతి అరల్లో పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకున్నాయని 2013లో బయటపడింది. తెలంగాణలో రాబందుల గూళ్ళు అనగానే ఇవాళ అందరూ చెప్పే చోటు అదే. అటవీ శాఖ అక్కడ కాపలా పెట్టింది, స్థానిక యువకులను లెక్కల పనిలోకి తీసుకుంది. కొన్నేళ్ళు పక్షులు పెరిగాయి, తర్వాత తగ్గాయి. గుట్ట కింద ఎంత మంది కాపలా ఉన్నా ఒక విషయం మాత్రం వాళ్ళ చేతిలో లేదు. రాబందు తిండి కోసం రోజుకు పదుల మైళ్ళు తిరుగుతుంది. అది దిగి తినే కళేబరం ఏ ఊరి బర్రెదో, ఏ రైతు ఎద్దుదో, ఆ పశువుకు చచ్చే ముందు ఎవరు ఏ మందు వేశారో గుట్ట దగ్గర నిలబడ్డ వాచర్‌కు ఎట్లా తెలుస్తుంది?

జరిగిన కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. కానీ దాని మొత్తం తీవ్రత మన ప్రభుత్వ ఫైళ్ళలో ఎక్కడా ఒక్కచోట కనపడదు, కాబట్టి ఇక్కడ చెప్తాను.

1990ల మొదట్లో మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవని అంచనా. వాటిని లెక్కపెట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, అంత మామూలు పక్షి అది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో అవి గుంపులు గుంపులుగా మాయమవుతున్నాయని పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ 1990ల చివర్లో గమనించారు. చెట్ల మీద తలలు వాల్చి కూర్చున్నవి కూర్చున్నట్టే రాలిపోయేవి. మొదట ఏదో వైరస్ అనుకున్నారు. కొన్నేళ్ళు ఆ వైరస్ కోసమే వెతికారు. పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను కోసి చూసిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు కారణం బయటపెట్టింది. మనం ఒళ్ళు నొప్పులకు వాడే డైక్లోఫినాక్ మందే అది. ఆ సూది వేసిన పశువు కొద్ది రోజుల్లోపే చనిపోతే, దాని మాంసంలో మందు మిగిలి ఉంటుంది. అది తిన్న రాబందుకు మూత్రపిండాలు పనిచెయ్యడం ఆగిపోతాయి. యూరిక్ ఆమ్లం సున్నం పూసినట్టు గుండె మీద, కాలేయం మీద తెల్లగా పేరుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

1992కూ 2007కూ మధ్య తెల్లవీపు రాబందుల్లో 99.9 శాతం పోయాయి. పొడుగు ముక్కు రాబందులు, సన్న ముక్కు రాబందులు కలిపి చూస్తే దాదాపు 97 శాతం పోయాయి. ఏ జబ్బూ, ఏ యుద్ధమూ ఒక పక్షి జాతిని ఇంత తొందరగా తుడిచిపెట్టినట్టు నేను ఎక్కడా చదవలేదు. పైగా రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పిల్ల పెద్దదై తాను గుడ్డు పెట్టడానికి మరో నాలుగైదేళ్ళు పడుతుంది. పోయినంత తొందరగా తిరిగి వచ్చే జాతి కాదది.

మంత్రి గారూ, ఈ మొత్తం వ్యవహారంలో మీ శాఖ గట్టిగా పట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఎన్ని కళేబరాల్లో మందు ఉంటే రాబందులు ఇంతగా పోతాయని శాస్త్రవేత్తలు లెక్క వేశారు. ప్రతి 760 కళేబరాల్లో ఒక్కదానిలో ప్రాణం తీసే మోతాదు ఉన్నా చాలని తేలింది. మరీ ఎక్కువ అనుకున్నా 130కి ఒకటి. అంటే నూటికి తొంభైతొమ్మిది మంది పశువైద్యులు నిబంధన పాటించినా, మిగిలిన ఆ ఒక్కరి సూది ఈ జాతిని ముగించడానికి సరిపోతుంది. ఒక గొడ్డు మీద పదుల సంఖ్యలో రాబందులు వాలతాయి కదా, తప్పు ఒక్కటే అయినా చావులు అన్నీ ఒకేసారి. మామూలుగా ప్రభుత్వ పథకాల్లో తొంభై శాతం అమలైతే గొప్పగా చెప్పుకుంటాం. ఇక్కడ తొంభై శాతం అంటే ఏమీ చెయ్యనట్టే లెక్క. నిషేధ ఉత్తర్వు కాగితం మీద ఉందా లేదా అన్నదానికంటే, మారుమూల మండలంలో మందుల దుకాణం అరలో ఏముందన్నదే ఇక్కడ ముఖ్యం.

ఇక మనుషుల సంగతి.

పశువు చచ్చిపోతే మా పల్లెల్లో ఊరి బయటికి ఈడ్చుకెళ్ళేవాళ్ళు. తోలు ఒలిచే పని కొన్ని కులాల మీద మోపారు. వాళ్ళు అవమానాలు దిగమింగుకుంటూ ఊరంతటి శుభ్రతనూ మోశారు. ఆ విషయం మర్చిపోయి పాత పద్ధతులు గొప్పవి అనడం నాకు ఇష్టం లేదు. తోలు తీసుకున్నాక మిగిలిందాన్ని రాబందులు చూసుకునేవి. గుంపుగా వాలితే ఒక ఎద్దును నలభై నిమిషాల్లో ఎముకల గూడు చేసేస్తాయి. వాటి కడుపులో ఆమ్లం ఎంత బలమైనదంటే దొమ్మరోగం (ఆంత్రాక్స్) కలిగించే క్రిములను కూడా చాలావరకు నాశనం చేస్తుంది. వాటి దగ్గరే రోగం ఆగిపోతుంది. వాగులోకి పోదు, చెరువులోకి పోదు, మరో పశువుకు అంటదు. ఇందుకు ప్రభుత్వానికి రూపాయి ఖర్చు లేదు.

రాబందులు పోయాక ఆ గొడ్డు అక్కడే రోజుల తరబడి కుళ్ళుతుంది. దాని మీదికి కుక్కలు, ఎలుకలు వస్తాయి. కుక్క మాంసం మొత్తం తినలేదు, రోగాన్ని తన ఒంట్లో ఆపనూ లేదు. తిండి దొరికినచోట పిల్లల్ని పెడుతుంది. 1992 నుంచి ఒక దశాబ్దంలో మన దేశంలో కుక్కలు దాదాపు 55 లక్షలు పెరిగాయని 2008లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. రాబందులు పోవడం వల్ల 1992, 2006 మధ్య రేబిస్‌తో అదనంగా పోయిన మనుషులు 47 వేల పైచిలుకు అని అందులోనే లెక్క కట్టారు. అది మరీ ఎక్కువ చెప్తున్నారేమో అన్న అనుమానం ఎవరికైనా రావచ్చు.

2024లో ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికన్ ఎకనామిక్ రివ్యూ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఆ అనుమానాన్ని మరో వైపుకు తిప్పింది. 1994 ప్రాంతంలో డైక్లోఫినాక్ చవక రకాలు వచ్చి పశువులకు వాడటం మొదలైంది. వాళ్ళు రాబందులు బతకడానికి అనువైన జిల్లాలను ఒక పక్క, అంతగా అనువు కాని జిల్లాలను ఇంకో పక్క పెట్టి, మందు రాకముందూ వచ్చాకా మరణాల రేటు ఎలా మారిందో చూశారు. అనువైన జిల్లాల్లో మనుషుల మరణాలు 4 శాతానికి పైగా పెరిగాయి. 2000 నుంచి 2005 దాకా లెక్క వేస్తే అది దాదాపు 5 లక్షల ప్రాణాలు. ఇది రేబిస్ చావుల లెక్క మాత్రమే కాదు, అన్ని కారణాల చావులూ ఇందులో ఉన్నాయి. ఆ జిల్లాల్లో కుక్కలు పెరిగాయి, రేబిస్ టీకాల అమ్మకాలు పెరిగాయి, నీళ్ళలో మలక్రిములు పెరిగాయి. ఏడాదికి దాదాపు 6,900 కోట్ల డాలర్ల నష్టమని అంచనా. ఆ సొమ్మును రూపాయల్లోకి మార్చి చెప్పాలని నాకు లేదు. ఐదు లక్షల మంది అన్న మాట చాలు.

ఆ మనుషులు ఎవరు? ఏ ఆసుపత్రి కాగితం మీదా మరణ కారణం 'రాబందులు లేకపోవడం' అని రాయరు. ఒకరిది విరేచనాలు, ఒకరిది జ్వరం, ఒకరిది కుక్కకాటు అని రాస్తారు. విడివిడిగా చూస్తే మామూలు చావులు. అందుకే ఏ శాఖకూ ఇది తన తప్పుగా కనపడలేదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అయిపోయింది.

ఇవాళ పరిస్థితి మెరుగైందా అంటే కొంత అయింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2022, 2023లో చేసిన సర్వే ప్రకారం మన దేశంలో ఏటా 91 లక్షల మందిని జంతువులు కరుస్తున్నాయి. నాలుగింట మూడు వంతులు కుక్క కాట్లే. రేబిస్ మరణాలు ఏటా 5,700 దాకా ఉన్నాయి. పాత అంచనాల కంటే ఇవి చాలా తక్కువ, టీకా అందుబాటు పెరిగినందుకు ఆరోగ్య శాఖను మెచ్చుకోవాలి. కానీ 5,700 మందిలో ఒక్కరి చావు దగ్గరుండి చూసినవాళ్ళు ఎవరూ ఆ సంఖ్యను చిన్నది అనరు. లక్షణాలు కనిపించాక బతికించే మందు లేని జబ్బు అది. పోయేవాళ్ళలో ఎక్కువ మంది పేదలు, పిల్లలు. 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్ చావులు లేకుండా చేస్తామని కేంద్రం కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మిగిలింది కొద్ది ఏళ్ళే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల గుంపు నాలుగేళ్ళ పిల్లాడి ప్రాణం తీసింది. రాష్ట్రమంతా కదిలిపోయింది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలపై దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. ఆ వాదనల్లో షెల్టర్లు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, జంతు ప్రేమ, పిల్లల భద్రత అన్నీ వచ్చాయి. కుక్కలకు అంత తిండి ఎక్కడి నుంచి దొరుకుతోందన్న ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. నగరాల్లో చెత్త కుప్పలు, మాంసం దుకాణాల వ్యర్థాలు ఒక కారణం, పల్లెల్లో కళేబరాలు మరో కారణం. కుక్కల పెరుగుదల మొత్తాన్ని రాబందుల ఖాతాలో వెయ్యడం నా ఉద్దేశం కాదు. అయినా అందులో ఆ వాటా ఎంతో లెక్క తేలాక కూడా దాని గురించి మాట్లాడకపోవడం అన్యాయం.

నిషేధాల సంగతి చూద్దాం. పశువులకు డైక్లోఫినాక్ వాడకూడదని 2006లో కేంద్రం ఆదేశించింది, 2008లో గెజిట్‌లో పెట్టింది. వెంటనే మనుషుల కోసం తయారైన 30 మిల్లీలీటర్ల సీసాలు పశువులకు వాడటం మొదలైంది. ఆ సందు మూయడానికి 2015 దాకా పట్టింది. మనుషుల సూది మందు 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు ప్యాకింగ్‌లోనే అమ్మాలని అప్పుడు నిబంధన తెచ్చారు. కంపెనీలు కోర్టుకెక్కితే 2017లో మద్రాసు హైకోర్టు ఆ నిబంధనను నిలబెట్టింది. ఇంతలో రాబందులకు హాని చేసే వేరే నొప్పి మందులు ఎసిక్లోఫినాక్, కీటోప్రొఫెన్, నిమెసులైడ్ వాడకం పెరిగింది. ఎసిక్లోఫినాక్ పశువు ఒంట్లోకి వెళ్ళాక డైక్లోఫినాక్‌గానే మారుతుంది, అంటే పేరు మారిన అదే విషం. దాన్నీ కీటోప్రొఫెన్‌నూ ఆపడానికి 2023 జులై వచ్చింది. నిమెసులైడ్‌ను ఆపడానికి 2024 డిసెంబరు చివర వచ్చింది. ఫ్లూనిక్సిన్ అనే మరో నొప్పి మందు మీద నిపుణులు ఇప్పటికీ హెచ్చరిస్తూనే ఉన్నారు. ఒక్కో మందుకు ఇన్నేళ్ళు పడితే, ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఎన్ని తరాలు ఎదురుచూడాలి?

రైతుల తరఫున కూడా ఒక మాట. ఎద్దు నొప్పితో లేవలేకపోతే ఆ రైతు ఏడాది పంట ఆగిపోతుంది. పాడి బర్రె పొదుగు వాచి మేత ముట్టకపోతే ఆ ఇంట్లో చేతికి వచ్చే రోజు డబ్బు పోతుంది. అప్పుడు దగ్గర్లో దొరికిన సూది వేయించుకోవడం తప్పని నేను ఎప్పటికీ అనను. పశువుల దవాఖాన ఊరికి దూరం, డాక్టరు ఖాళీలు ఉన్నచోట ఊళ్ళో పశువులకు ప్రథమ చికిత్స చేసే గోపాలమిత్రనో, మందుల షాపాయననో నమ్ముకోవాలి. ఆ రైతుకు మీరు చెప్పాల్సింది 'ఇది వాడొద్దు' అని కాదు. మంచి మందు అతని చేతికి అందేలా చెయ్యాలి. మెలాక్సికామ్ ఉంది. రాబందులకు హాని చెయ్యదని 2006లోనే రుజువైంది. పేటెంటు గొడవ లేదు, మన దేశంలోనే తయారవుతుంది. టోల్ఫెనామిక్ యాసిడ్ కూడా సురక్షితమని తర్వాత తేలింది. బల్క్ డ్రగ్ పరిశ్రమకు కేంద్రమని చెప్పుకునే హైదరాబాద్ ఉన్న రాష్ట్రం, తన పల్లెల్లో ఈ రెండు మందులు ఎప్పుడూ అందుబాటులో ఉండేలా చూసుకోలేదా?

అందుకని నా మొదటి కోరిక ఇది. పాలరాపుగుట్ట చుట్టూ వంద కిలోమీటర్ల పరిధిలో, అంటే ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాలను కలుపుకుని, ప్రతి పశువైద్యశాలకూ, ప్రతి గోపాలమిత్రకూ, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలన్నిటికీ మెలాక్సికామ్ ఉచితంగా, కొరత లేకుండా ఇవ్వండి. రాబందుల సురక్షిత మండలానికి, అంటే వాటికి హాని చేసే మందులు లేని ప్రాంతానికి, దక్షిణాసియాలో వాడే కొలత ఆ వంద కిలోమీటర్లే. ఆ పరిధి ప్రాణహిత దాటి గడ్చిరోలి దాకా పోతుంది. రాబందులకు రాష్ట్ర సరిహద్దు తెలియదు, అవతలి గట్టున మహారాష్ట్ర అటవీ శాఖ రాబందుల కోసం ప్రత్యేకంగా తిండి పెట్టే చోట్లు నడిపింది. మన వైపు మందు అదుపులో పెట్టి అవతల వదిలేసినా, అవతల పెట్టి ఇవతల వదిలేసినా ఫలితం ఒకటే. కాబట్టి మహారాష్ట్ర పశుసంవర్ధక శాఖతో మాట్లాడాల్సింది కూడా మీరే.

రెండోది తనిఖీ. ఔషధ నియంత్రణ అధికారులు మండల కేంద్రాల్లో మందుల షాపుల అరలు చూడాలి. ఎసిక్లోఫినాక్, కీటోప్రొఫెన్, నిమెసులైడ్ పశువుల ప్యాకింగ్‌లో మిగిలిన సరుకు ఉంటే వెనక్కి తీసుకోవాలి. చిన్న దుకాణదారు పాత సరుకు వల్ల నష్టపోకుండా పంపిణీదారులు వెనక్కి తీసుకునేలా చూడటం న్యాయం, లేకపోతే అది అర వెనక్కి వెళ్ళి రాత్రిపూట అమ్ముడవుతుంది. తనిఖీ చేశామన్న నివేదికతో నాకు తృప్తి లేదు. కళేబరాల కాలేయం నమూనాలు తీసి పరీక్షిస్తేనే నిజం తెలుస్తుంది, ఎందుకంటే మందు అక్కడే దొరుకుతుంది. దేశంలో డైక్లోఫినాక్ నిషేధం ఎంత పనిచేసిందో తేల్చింది కూడా ఇలాంటి నమూనాలే. మన దగ్గర చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, హైదరాబాద్‌లో జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, మీ శాఖకు వెటర్నరీ యూనివర్సిటీ ఉంది. ఏడాదికోసారి నమూనాలు తీసి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా ప్రజల ముందు పెట్టండి. ప్రతి 760లో ఒకటి అన్న గీత దాటామా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

మూడోదానికి పులి కూడా ముడిపడి ఉంది. మా వైపు అడవి మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు వచ్చే దారి. పులి ఎద్దును చంపితే రైతుకు నష్టపరిహారం రావాలి. ఆలస్యమైతే కోపం వస్తుంది, కోపంలో కొందరు ఆ కళేబరంలో పురుగుమందు కలుపుతారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులి అలాగే చనిపోయింది. అదే కళేబరం మీదికి రాబందులు దిగితే? ఒక్క పూటలో పాలరాపుగుట్ట ఖాళీ కావడానికి అది చాలు. పులి చంపిన పశువును మీ డాక్టరు వెంటనే చూసి కాగితం ఇవ్వాలి, డబ్బు వారంలో రైతు ఖాతాలో పడాలి. ఇది పులికీ, రాబందుకూ, రైతుకూ కలిపి ఒకే మందు. మా జిల్లాలో ఏ రైతునైనా అడగండి, పరిహారం ఎంత అన్నదాని కంటే ఎప్పుడు అన్నదాని గురించే ఎక్కువ మాట్లాడతారు.

కళేబరాల సంగతి కూడా మీ శాఖ, పంచాయతీలు కలిసి చూడాలి. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి, చచ్చిన గొడ్డును జేసీబీతో గుంత తీసి పూడ్చడం ఊళ్ళలో అలవాటైంది. దొమ్మరోగంతోనో, అనుమానపు జబ్బుతోనో పోయిన పశువును పూడ్చే తీరాలి, అందులో రాజీ లేదు. ఆంధ్ర వైపు విశాఖ ఏజెన్సీలో చచ్చిన పశువుల మాంసం ముట్టి మనుషులకు ఆ రోగం అంటిన ఘటనలు ఉన్నాయి. కానీ ముసలితనంతో, కాలు విరిగి, పాము కరిచి పోయిన పశువును, దానికి గత రెండు వారాల్లో ఏ నొప్పి సూదీ పడలేదని మీ సిబ్బంది నిర్ధారించాక, గుట్టకు దగ్గర్లో కంచె కట్టిన ఒక స్థలంలో రాబందుల కోసం వేయొచ్చు. నేపాల్‌లో నవల్‌పరాసీ ప్రాంతపు గ్రామస్తులు 2006 నుంచి ఇదే పని చేస్తున్నారు. ముసలి ఆవులను సాకి, అవి సహజంగా పోయాక రాబందులకు వదులుతారు, చూడ్డానికి వచ్చేవాళ్ళ వల్ల ఊరికి కొంత ఆదాయం కూడా ఉంది. నేపాల్‌లో రాబందుల సంఖ్య మెల్లగా కోలుకుంటోంది. వాళ్ళ దగ్గర మనకంటే ఎక్కువ డబ్బు లేదు, ఎక్కువ ప్రయోగశాలలూ లేవు.

ఇంకొకటి అడుగుతాను, ఇది ఆరోగ్య మంత్రి గారు కూడా చదవాలి. మా జిల్లాలో ఎన్ని కుక్క కాట్లు అన్న లెక్క ఆరోగ్య శాఖ దగ్గర ఉంటుంది. ఎన్ని పశువులు ఎందుకు చచ్చాయన్నది మీ దగ్గర ఉంటుంది. ఎన్ని రాబందులు గూటికి వచ్చాయన్నది అటవీ శాఖ దగ్గర ఉంటుంది. ఈ మూడింటినీ ఒక్క కాగితం మీద పక్కపక్కన పెట్టి చూసేలా కలెక్టర్ గారి దగ్గర నెలకో సమావేశం పెట్టండి. మనుషుల ఆరోగ్యం, పశువుల ఆరోగ్యం, పర్యావరణం ఒకటేనని ఢిల్లీలో 'వన్ హెల్త్' పేరుతో జాతీయ మిషన్ నడుస్తోంది, నాగ్‌పూర్‌లో దానికో సంస్థ కూడా పెట్టారు. నాగ్‌పూర్ మాకు హైదరాబాద్ కంటే దూరమేమీ కాదు. ఆ ఆలోచన మా మండలం దాకా వస్తే, లోతైన కాటుకు టీకాతో పాటు ఇవ్వాల్సిన ఇమ్యూనోగ్లోబ్యులిన్ మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉందో లేదో కూడా అదే సమావేశంలో తేలుతుంది. కరిచిన కుక్క ఏ కళేబరం చుట్టూ తిరుగుతోందో కూడా తేలుతుంది.

2012 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది. ప్రపంచంలోని చాలా దేశాలు వచ్చాయి. దాని గుర్తుగా గచ్చిబౌలిలో పార్కు కట్టారు, ఆ చౌరస్తా పేరు ఇప్పుడు నగరంలో అందరికీ తెలుసు. నెహ్రూ జంతుప్రదర్శనశాలలో రాబందుల సంతానోత్పత్తి కేంద్రం కూడా పెట్టారు. అక్కడ పుట్టిన పిల్లలను ఏదో ఒక రోజు ఆకాశంలోకి వదలాలి. ఏ ఆకాశంలోకి? చుట్టూ వంద కిలోమీటర్లలో ఒక్క విషపు సూది కూడా లేదని మీరు హామీ ఇవ్వగలిగిన చోటికే వదలగలరు. అప్పటిదాకా ఆ పక్షులు పంజరంలోనే ముసలివైపోతాయి. మన రాష్ట్రంలో అలాంటి చోటు కావడానికి పాలరాపుగుట్టకే అన్ని అర్హతలూ ఉన్నాయి. అక్కడ గుట్ట ఉంది, నది ఉంది, అడవి ఉంది, పశువులు మేపే పల్లెలు ఉన్నాయి. లేనిది మందు మీద అదుపు ఒక్కటే.

సుస్థిర అభివృద్ధి అన్న మాట ప్రభుత్వ నివేదికల్లో తరచూ కనపడుతుంది. మా దగ్గర దాని కొలత చాలా తేలిక. పెంచికలపేటలో ఒక రైతు తన ఎద్దుకు నొప్పి తగ్గే సూది వేయించుకోవాలి. ఆ ఎద్దు పోతే దాన్ని తిన్న పక్షి బతకాలి. ఆ వాగు నీళ్ళు తాగిన పిల్లలకు విరేచనాలు పట్టకూడదు. ఆ దారిన బడికి పోయే పిల్లను కుక్కల గుంపు తరమకూడదు. ఈ నాలుగూ నాలుగు శాఖల పనులుగా విడిపోయినందుకే ఐదు లక్షల మంది పోయినా ఎవరికీ లెక్క తెలియలేదు.

పొడుగు ముక్కు రాబందులు చలికాలం మొదట్లో గూళ్ళు సరిచేసుకుని గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. ఆ లోపు మెలాక్సికామ్ సరఫరా ఉత్తర్వు, షాపుల తనిఖీ పూర్తి కావాలని కోరుతున్నాను. కాలేయం నమూనాల పరీక్షకు సమయం పడుతుందని తెలుసు, కానీ ఎప్పుడు మొదలవుతుందో తేదీ చెప్పమని అడుగుతున్నాను. మీ శాఖ జిల్లా అధికారులు ఈ పనికి పూనుకుంటే నమూనాల సేకరణకూ, ఊళ్ళలో రైతులతో మాట్లాడటానికీ మా వైపు యువకులు, టీచర్లు, గోపాలమిత్రలు చాలామంది ముందుకు వస్తారు. వాళ్ళలో నేనూ ఉంటాను. మీ జవాబును మా మండల పరిషత్ కార్యాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టించండి, అందరం చదువుకుంటాం.

భవదీయుడు,
కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పౌరుడు